స్విస్ కొండ ఊళ్ళో రెండు రాత్రులు: మ్యూరెన్‌లో ఎలా ఉండాలి, ఏం చూడాలి, ఏం తినాలి

స్విస్ వెళ్తున్నాం, మంచు కొండ టికెట్ తీసుకోవాలా లేక ఊళ్ళు చూడాలా అని అడగని నెల ఉండదు. హైదరాబాద్ నుంచి ప్యాకేజీలో వెళ్ళేవాళ్ళూ అడుగుతారు, జర్మనీలో ఉద్యోగం చేసుకుంటూ లాంగ్ వీకెండ్‌కి రైలెక్కేవాళ్ళూ అడుగుతారు. నేను చెప్పేది ఒకటే, ఒక ఊరు పట్టుకుని అందులో రెండు రాత్రులు పడుకోండి. పగలు పదకొండింటికి వెళ్ళి నాలుగింటికి దిగిపోయేవాళ్ళకి కనపడేది సగం జనం, సగం సెల్ఫీ స్టిక్కులు. ఐదున్నర దాటాక గుంపులన్నీ దిగిపోతాయి చూడండి, అప్పుడు ఆవుల మెడలో గంటలు వినపడ్డం మొదలవుతుంది, ఎవరో కట్టెలు కొడుతుంటారు, ఎదురుగా కొండల రంగు మారుతుంటుంది. మీరు డబ్బులు పెట్టాల్సింది దానికి.

ఇక్కడ చెప్పేదంతా బెర్నీస్ ఓబర్‌లాండ్ అనే కొండ ప్రాంతంలో లౌటర్‌బ్రున్నెన్ లోయ గురించి, ముఖ్యంగా మ్యూరెన్ గురించి. జెర్మాట్ వైపు వెళ్ళేవాళ్ళకి తిండి సంగతులు చాలావరకు పనికొస్తాయి, దారులు మాత్రం వేరే.

ముందుగా కావాల్సినవి

- సరైన నెల. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా నడకలకి మంచిది, పువ్వులు కావాలంటే జూన్ చివర, జూలై. మంచు కావాలంటే జనవరి నుంచి మార్చి. ఈస్టర్ తర్వాత కొన్ని వారాలు, నవంబర్ మొత్తం, ఈ రెండూ వద్దు. హోటళ్ళు మూసేసి ఉంటాయి, కేబుల్ కార్లు రిపేరుకి ఆపుతారు, గదులు చవగ్గా కనపడేది అందుకే.
- ఊళ్ళోనే బస, వీలైతే చిన్న కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్.
- ఫోన్లో ఎస్‌బీబీ యాప్, మెటియోస్విస్ యాప్. మొదటిది రైళ్ళకీ కేబుల్ కార్లకీ, రెండోది వాతావరణానికి.
- అట్ట గట్టిగా ఉన్న బూట్లు, వాన జాకెట్, ఒక స్వెట్టర్. జూలైలో కూడా రాత్రి పది డిగ్రీల కిందకి పడిపోవడం మామూలే.
- ఫ్రాంకుల చిల్లర నాణేలు. ఎందుకో కింద చెప్తా.
- స్విస్ ప్లగ్ అడాప్టర్. మన సన్న రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ అక్కడ దూరిపోతుంది, లావు మూడు పిన్నులది దూరదు, వాళ్ళ మూడు రంధ్రాల సాకెట్ వేరే రకం.
- వంట సామాను: బియ్యం, కందిపప్పు, చారు పొడి, కారం, చిన్న స్టీల్ కుక్కర్. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు.

సామాను దగ్గర ఒక హెచ్చరిక. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు స్విట్జర్లాండ్‌లోకి తీసుకెళ్ళకూడదు, అంటే నెయ్యి, కోవా స్వీట్లు, చికెన్ పచ్చడి అన్నీ ఇందులోకే వస్తాయి. పచ్చి కరివేపాకు, కూరగాయలు, మామిడిపళ్ళు కూడా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవని ఇచ్చే పత్రం) లేకుండా కుదరదు. నెయ్యి గురించి దిగులు పడకండి, అక్కడ బ్రాట్‌బుటర్ అని వేపుళ్ళకి వాడే కాచిన వెన్న దొరుకుతుంది, పని నడిచిపోతుంది.

1. ఊరు ఖాయం చేసుకోండి

లోయ అడుగున లౌటర్‌బ్రున్నెన్ ఉంది, సుమారు 800 మీటర్ల ఎత్తు, రైలు దిగితే ఎదురుగానే 297 మీటర్ల స్టౌబ్‌బాఖ్ జలపాతం. ఫోటోల్లో అందరూ చూసేది దీన్నే. కానీ ఇది రోడ్డు ఉన్న ఊరు, కార్లు వస్తాయి, బస్సులు వస్తాయి, వేసవిలో మధ్యాహ్నం సెంటర్‌లో నిలబడే చోటుండదు.

తూర్పు గోడ మీద వెంగెన్, 1,274 మీటర్లు. పడమటి గోడ మీద మ్యూరెన్, 1,638 మీటర్లు, నాలుగొందల పైచిలుకు జనాభా. మ్యూరెన్ కిందుగా గిమ్మెల్‌వాల్డ్, 1,363 మీటర్లు, ఇంకా చిన్నది, అసలు సిసలు రైతుల ఊరు. పైన ఉన్న ఈ మూడింటికీ టూరిస్టుల కార్లు రావు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, ఎక్కువ సామాను ఉంటే వెంగెన్, ఎందుకంటే లౌటర్‌బ్రున్నెన్‌లో రైలు మారితే నేరుగా ఊళ్ళో దిగుతారు. ఎదురుగా ఐగర్, మోంష్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ వరసగా గది కిటికీలోంచి కనపడాలంటే మ్యూరెన్. ఏ హడావిడీ వద్దు, సాయంత్రం ఆరు తర్వాత ఏ షాపూ లేకపోయినా పర్లేదు అనుకునేవాళ్ళకి గిమ్మెల్‌వాల్డ్. నాకైతే పడుకోడానికి మ్యూరెన్, తిరగడానికి గిమ్మెల్‌వాల్డ్.

బుక్ చేసేటప్పుడు అపార్ట్‌మెంట్ యజమానిని మూడు విషయాలు అడగండి: స్టవ్ ఇండక్షనా కాదా, కిటికీ లోయ వైపా కొండ వైపా, స్టేషన్ నుంచి ఎత్తు ఎంత ఎక్కాలి. మ్యూరెన్‌లో మీ పెట్టె మీరే లాక్కుని వెళ్ళాలి, హోటల్ అయితే కొన్నిచోట్ల చిన్న ఎలక్ట్రిక్ బండి పంపిస్తారు, ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి.

2. పైకి చేరండి

జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ నుంచి బెర్న్ మీదుగా ఇంటర్లాకెన్ ఓస్ట్, అక్కడ్నుంచి లౌటర్‌బ్రున్నెన్, అక్కడ కేబుల్ కార్‌లో గ్రూచాల్ప్, మళ్ళీ అక్కడ్నుంచి చిన్న రైలు మ్యూరెన్‌కి. ఆ చిన్న రైలు 1891 నుంచీ నడుస్తోంది, ఎడమ వైపు కూర్చోండి, కొండలన్నీ అటే. మొత్తం మూడున్నర గంటలు వేసుకోండి. జర్మనీ నుంచి అయితే బాసెల్ మీదుగా ఇంటర్లాకెన్‌కి నేరుగా వచ్చే రైళ్ళు కొన్ని ఉన్నాయి.

ఇంకో దారి లోయ చివర స్టెకెల్‌బెర్గ్ దాకా బస్సు, అక్కడ్నుంచి కేబుల్ కార్. 2024 చివర్లో అక్కడ కొత్తది తెరిచారు, వాలు 159 శాతం పైనే, నేరుగా మ్యూరెన్‌కి లేపుతుంది. పైకి పోతుంటే కడుపులో కాస్త తేడాగా ఉంటుంది, ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు గ్రూచాల్ప్ దారిలో రావడం మంచిది. గ్రూచాల్ప్ లైను కూడా అప్పుడప్పుడు రిపేరుకి ఆపుతారు కాబట్టి బయల్దేరే ముందు రోజు యాప్‌లో చూసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు: ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఒకే ప్లాట్‌ఫామ్ మీద గ్రిండెల్‌వాల్డ్‌కి, లౌటర్‌బ్రున్నెన్‌కి వెళ్ళే డబ్బాలు కలిపి పెట్టి, మధ్యలో జ్వైలూచినెన్‌లో విడదీస్తుంటారు. డబ్బా మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి, జనం వెనకాల ఎక్కితే గ్రిండెల్‌వాల్డ్‌లో తేలతారు.

స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే మ్యూరెన్ దాకా ఫ్రీ, అక్కడ్నుంచి పైన షిల్ట్‌హార్న్ శిఖరానికి డిస్కౌంట్ మాత్రమే. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ (మంచు కొండ మీద రైలు వెళ్ళే స్టేషన్) పూర్తిగా కవర్ అవుతుందనుకుని పాస్ కొనేవాళ్ళు చాలామంది, అవ్వదు, దానికీ డిస్కౌంటే.

3. మొదటి సాయంత్రం ఏమీ పెట్టుకోకండి

ఇది స్టెప్పు ఎలా అవుతుంది అంటారేమో, అవుతుంది, అందరూ చెడగొట్టుకునేది దీన్నే. గది తాళం తీసుకుని, కోప్ సూపర్‌మార్కెట్ మూసేలోపు పాలు, బ్రెడ్, బంగాళాదుంపలు, చీజ్ కొనేసుకోండి. సాయంత్రం తొందరగానే మూసేస్తారు, ఆదివారం వేళలు ఇంకా తక్కువ. తర్వాత పెట్టెలు సర్దకుండా బయటికి వచ్చేయండి.

వెలుతురు సంగతి అర్థం చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. మ్యూరెన్ పడమటి గోడ అంచు మీద తూర్పు ముఖంగా ఉంది. పొద్దున సూర్యుడు ఐగర్, యుంగ్‌ఫ్రావ్ వెనకాల నుంచి వస్తాడు, అప్పుడు ఫోటో తీస్తే కొండలన్నీ నల్లటి నీడల్లా పడతాయి. సాయంత్రం సూర్యుడు మీ వెనక్కి వెళ్తాడు, వెలుగంతా ఎదురు కొండల మీద పడుతుంది, ఊరు నీడలోకి వెళ్ళిపోయిన తర్వాత కూడా పైన మంచు పసుపు నుంచి నారింజకి, గులాబీకి మారుతుంటుంది. జూన్, జూలైలో ఇది రాత్రి తొమ్మిది దాటాక. డిన్నర్ ఏడింటికి ముగించుకుని రండి, లేదా ఎనిమిదిన్నరకి ప్లేటు చేతిలో పట్టుకుని బాల్కనీలో కూర్చోండి. కింద స్టౌబ్‌బాఖ్‌కి మాత్రం ఇది తలకిందులు, అది కూడా తూర్పుకే తిరిగి ఉంది కానీ లోయ అడుగున ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం దాటితే ఆ గోడంతా నీడే, కాబట్టి దాని ఫోటోకి పొద్దున వెళ్ళాలి.

ఊరు పొడవునా రెండు వీధులు, పైదొకటి కిందదొకటి. కింద వీధి చివరిదాకా నడవండి. ఎండకి నల్లబడిపోయిన చెక్క ఇళ్ళు, కిటికీల కింద ఎర్ర జెరేనియం తొట్లు, గోడ పొడవునా కొలిచి కోసినట్టు పేర్చిన కట్టెలు, వీధి మలుపులో చెక్క తొట్టిలోకి పడుతున్న నీళ్ళు. ఆ నీళ్ళు తాగొచ్చు. కైన్ ట్రింక్‌వాసర్ అని బోర్డు పెట్టి ఉంటే మాత్రం తాగకండి. బాటిల్ నీళ్ళకి డబ్బులు తగలేయడం అనవసరం.

ఎదురొచ్చిన వాళ్ళకి గ్రూయెసెఖ్ అనండి, బెర్న్ వైపు పలకరింపు అదే. నడకదారుల్లో పలకరించకుండా పోవడం వాళ్ళకి ముభావంగా అనిపిస్తుంది. రాత్రి పది తర్వాత బాల్కనీలో స్పీకర్ పెట్టడం, ఇండియాకి వీడియో కాల్‌లో గట్టిగా మాట్లాడటం వద్దు, లోయకి ఈ పక్క అన్న మాట ఆ పక్క వినపడేంత నిశ్శబ్దం.

ఆవుల గంటల వల్ల నిద్ర పట్టలేదని కొందరు కంప్లైంట్ చేస్తారు. దానికి మందు ఇయర్ ప్లగ్సే, ఆవులకి మ్యూట్ బటన్ లేదు.

4. పొద్దున లేవగానే కెమెరా చూడండి

కొండమీదకి టికెట్ ముందే కొనకండి. షిల్ట్‌హార్న్ 2,970 మీటర్లు, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్ 3,454 మీటర్లు, కింద ఎండ కాస్తున్నా పైన తెల్లటి గోడ ఉండొచ్చు, అలాగే కింద మబ్బు పట్టి ఉన్నా పైన ఎండ ఉండొచ్చు. లైవ్ వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి, ఊళ్ళో టీవీల్లో కూడా వస్తుంటాయి. చూసి, బాగుంటే అప్పుడు వెళ్ళండి. వేసవిలో మధ్యాహ్నానికి మబ్బులు పెరిగి సాయంత్రం ఉరుములు రావడం ఎక్కువ కాబట్టి ఎత్తు మీదకి వెళ్ళేది పొద్దున్నే, కిందకి నడిచేది మధ్యాహ్నం.

డబ్బులు లెక్క చూసుకునేవాళ్ళకి నా సలహా: యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ టికెట్ సీజన్‌లో డిస్కౌంట్ లేకపోతే రెండొందల ఫ్రాంకుల పైనే. ఆ డబ్బుతో మ్యూరెన్‌లో ఇంకో రాత్రి వస్తుంది. జీవితంలో మంచు ముట్టుకోలేదు అంటే వెళ్ళండి, పైన ఇండియన్ బఫే కూడా ఉంది. మంచు ఇదివరకే చూసి ఉంటే మానేయండి, పోయేదేం లేదు.

5. నడవండి, కానీ బోర్డులు చదవడం నేర్చుకుని

పసుపు బోర్డు మీద కిలోమీటర్లు ఉండవు, గంటలు ఉంటాయి. అది ఆగకుండా నడిచే వాళ్ళ టైము. ఫోటోలు, పిల్లలు, కూర్చోవడం కలుపుకుంటే దానికి సగం మళ్ళీ కలపండి. బోర్డు కొస పసుపే ఉంటే మామూలు దారి. తెలుపు ఎరుపు తెలుపు ఉంటే కొండదారి, బూట్లు ఉండాలి. తెలుపు నీలం తెలుపు ఉంటే వెనక్కి తిరగండి, అది తాడు, మంచు అలవాటున్నవాళ్ళకి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మూడు నడకలు చాలు.

గ్రూచాల్ప్ నుంచి మ్యూరెన్: రైలు పట్టాల పక్కనే, దాదాపు సమంగా ఉంటుంది, గంటా గంటంపావు. మధ్యలో వింటరెగ్ దగ్గర ఆగి తినొచ్చు. కాళ్ళు నొప్పి పుడితే అక్కడే రైలెక్కేయొచ్చు, అందుకే ఇది ముందు చెప్పా.

మ్యూరెన్ నుంచి గిమ్మెల్‌వాల్డ్: తారు దారి, మొత్తం దిగుడే, ముప్ఫై నలభై నిమిషాలు. దిగేటప్పుడు సుఖం, మోకాళ్ళు ఒప్పుకోకపోతే తిరుగు కేబుల్ కార్ టైము ముందే చూసుకోండి. ఆ చిన్న ఊళ్ళో మనుషుల్లేని షాపు ఒకటి ఉంది, కావాల్సింది తీసుకుని డబ్బు డబ్బాలో వేసి వెళ్ళడమే. దారి పక్కన రైతుల ఇళ్ళ ముందు కూడా చిన్న ఫ్రిజ్‌లలో చీజ్, గుడ్లు పెట్టి ధర రాసి ఉంచుతారు. ట్వింట్ అనే స్విస్ పేమెంట్ యాప్ క్యూఆర్ కోడ్ ఉంటుంది కానీ దానికి స్విస్ బ్యాంక్ అకౌంట్ కావాలి, మన యూపీఐ పనిచేయదు. అందుకే నాణేలు తెమ్మన్నా. నోటు వేసి చిల్లర తీసుకోడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఆల్మెండ్‌హూబెల్: ఊళ్ళోంచి ఫ్యునిక్యులర్ రైలు నాలుగు నిమిషాల్లో 1,907 మీటర్లకి తీసుకెళ్తుంది. పిల్లలకి ఆడుకునే చోటు ఉంది, చుట్టూ అడవి పువ్వుల దారి ఉంది. పువ్వులు కోయకండి, ఎడెల్‌వైస్ లాంటివి కోస్తే జరిమానా పడుతుంది.

ఆవుల దగ్గర జాగ్రత్త. దూడలతో ఉన్న ఆవుల మధ్యలోంచి నడవకండి, దూడని ముట్టుకోకండి, పిల్లల్ని ఫోటో కోసం ముందుకి తోయకండి. మన వీధి ఆవుల్లా ఉండవు, దూడ కోసం మీదకి వస్తాయి. పచ్చిక చుట్టూ సన్న తీగ ఉంటే అందులో కరెంట్ ఉంటుంది. గేటు తీసి వెళ్తే మళ్ళీ వేయండి. అవసరం పడితే నంబర్లు: అంబులెన్స్ 144, కొండ మీద హెలికాప్టర్ రెస్క్యూ రేగా 1414.

6. రెస్టారెంట్‌లో ఏం అడగాలి

ముందు టైము. వంట మధ్యాహ్నం పదకొండున్నర నుంచి రెండు దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపు. మూడింటికి వెళ్తే కాఫీ, కేక్, మహా అయితే సూప్. సాయంత్రానికి పొద్దున్నే టేబుల్ చెప్పి పెట్టుకోండి, ఊళ్ళో ఉన్నవే కొన్ని.

రోష్టి: ఉడికించి తురిమిన బంగాళాదుంపని వెన్నలో రెండు వైపులా ఎర్రగా కాల్చింది. పైన గుడ్డు, చీజ్ వేస్తారు. బెర్న్ పద్ధతిలో ష్పెక్ కలుపుతారు, అది పంది మాంసం ముక్కలు, పైకి కనపడకుండా దుంపలో కలిసిపోయి ఉంటుంది. వెజిటేరియన్లు ఓనె ష్పెక్ అని చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా ప్లేటు రాగానే ఒకసారి ఫోర్క్‌తో విప్పి చూడాలి.

ఏల్‌ప్లర్‌మాగ్రోనెన్: మాకరోనీ, బంగాళాదుంప, క్రీమ్, చీజ్ కలిపి పైన వేపిన ఉల్లిపాయ, పక్కన గిన్నెలో ఆపిల్ గుజ్జు. ఆ గుజ్జుని స్వీట్ అనుకుని చివరికి ఉంచుకోకండి, ముద్ద ముద్దకీ నంజుకోవాలి. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తిన్నవాళ్ళకి ఈ రుచి వెంటనే ఎక్కుతుంది. ఇందులో కూడా ష్పెక్ ఉందో లేదో అడగండి.

రాక్లెట్: కరిగించిన చీజ్‌ని ఉడికిన దుంప మీద పోసుకుని, దోస ఊరగాయ, చిన్న ఉల్లి ఊరగాయతో తినేది. వాలే ప్రాంతం వంట, ఇక్కడా దొరుకుతుంది. కారం అలవాటైనవాళ్ళకి రెండో ప్లేటు వెళ్ళదు, మీ ఆవకాయ చిన్న డబ్బా జేబులో ఉంటే అది వేరే సంగతి.

ఫోండ్యూ, అంటే కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినేది, దాని గురించి విడిగా చెప్తా.

హోబెల్‌కేజె: ఏడాదిన్నర పైన ఆరబెట్టిన కొండ చీజ్‌ని పల్చటి చుట్టల్లా గీరి పెడతారు. వేసవిలో ఆవుల్ని పైకి తోలుకెళ్ళి, అక్కడి గుడిసెల్లో పచ్చి పాలతో కట్టెల పొయ్యి మీద చేసే చీజ్ ఇది. నన్నడిగితే ఈ ప్రాంతంలో తినాల్సిన మొదటి పదార్థం ఇదే, ఫోండ్యూ కాదు. కొంచెం నోట్లో పెట్టుకుని ఆగండి, గడ్డి, పువ్వుల వాసన తర్వాత వస్తుంది. ఆవుల్ని పైకి తోలడం జూన్‌లో, పువ్వులు కట్టి కిందకి దింపడం సెప్టెంబర్‌లో. ఈ పశువుల కాలాన్ని 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టారు కూడా.

తీపికి మెరాంగ్ విత్ క్రీమ్, తాగడానికి రివెల్లా. రివెల్లా చీజ్ చేసేటప్పుడు మిగిలే పాలవిరుగుడు నీళ్ళతో చేసిన సోడా, 1952 నుంచీ ఉంది. మొదటి గుక్కకి మొహం అదోలా పెడతారు, ఎండలో నడిచి వచ్చాక తాగండి, అప్పుడు చెప్పండి.

కచ్చితమైన శాకాహారులకి ఒక మాట. గ్రూయేర్, ఎమ్మెంటాలర్ లాంటి సంప్రదాయ చీజ్‌లన్నీ దూడ కడుపులోంచి తీసే, పాలు విరిచే రెన్నెట్‌తో చేస్తారు. మీకు అది అభ్యంతరం అయితే సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ మీద మిక్రోబియెల్లెస్ లాబ్ (జంతువుది కాని రెన్నెట్) అని రాసి ఉందో లేదా శాకాహార గుర్తు వి-లేబుల్ ఉందో చూసి కొనండి. సూపులు చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు, కూరగాయల సూప్ అన్నా సరే అడగాలి. ఇవన్నీ ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సినవి, నేను చెప్పేది తెలిసి తినండి అనే.

ధర: ఫోండ్యూ మనిషికి సుమారు ముప్ఫై ఫ్రాంకులు, కాఫీ ఐదు దాకా. రోజుకి ఒక పూట బయట, రెండు పూటలు గదిలో తింటే జేబు నిలబడుతుంది.

7. గదిలో రోష్టి చేసుకోండి

దీనికి రెండు రాత్రులు ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది, దుంపలు ముందు రోజే ఉడకాలి.

షాపులో దుంపల ప్యాకెట్ మీద రంగు చూడండి, ఆకుపచ్చ అంటే గట్టిగా ఉండే రకం, నీలం అంటే పిండిలా విడిపోయే రకం. ఆకుపచ్చది తీసుకోండి. మొదటి రాత్రి తొక్కతో ఉడికించండి, మెత్తగా కాకుండా చాకు గుచ్చితే మధ్యలో కొంచెం అడ్డం తగిలేంత వరకే. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున తొక్క తీసి పెద్ద రంధ్రాల తురుముతో తురమండి, ఉప్పు వేయండి. పెనంలో రెండు మూడు స్పూన్ల బ్రాట్‌బుటర్ వేడి చేసి తురుము వేసి ఒకసారి కలిపి, గరిటెతో అంచులు లోపలికి నొక్కుతూ దిబ్బరొట్టె మందంలో సర్దండి. సన్న మంట మీద పది పదిహేను నిమిషాలు. కదపకండి. ప్లేటు బోర్లించి తిరగేసి, ఇంకొంచెం వెన్న వేసి రెండో వైపు పది నిమిషాలు.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, పెనం ఊపితే మొత్తం ఒకే చక్రంలా జారాలి. ముక్కలుగా విడిపోతుంటే దుంప వేడిగా ఉండగానే తురిమి ఉంటారు, లేదా మధ్యలో కలియబెట్టి ఉంటారు. అడుగు మాడి లోపల చల్లగా ఉంటే మంట ఎక్కువైంది. మాంసం వద్దనుకుంటే ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి వేయండి, స్విస్ వాళ్ళు చూడకపోతే చాలు.

అన్నం, పప్పు వండేవాళ్ళకి: ఆ ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్ తెమ్మన్నది అందుకే. అన్నానికి నీళ్ళు కొంచెం ఎక్కువ పోయండి. తిరగమోత పెట్టేముందు కిటికీ తెరిచి పెట్టండి, ఎండుమిర్చి ఘాటుకి పక్కవాళ్ళు తలుపు కొట్టకముందే స్మోక్ అలారం కొడుతుంది.

8. ఫోండ్యూ, వైన్ లేకుండా కూడా

మనిషికి 200 గ్రాముల చీజ్. సగం గ్రూయేర్, సగం వషరాన్ ఫ్రిబూర్జ్వా, ఇది అందరూ చేసే కలయిక. షాపులో కలిపి తురిమిన ప్యాకెట్లు దొరుకుతాయి. రెడీమేడ్ ఫోండ్యూ ప్యాకెట్ తీసుకుంటే అందులో వైన్, కిర్ష్ (చెర్రీలతో చేసే సారా) కలిపేసి ఉంటాయి సాధారణంగా, మందు ముట్టనివాళ్ళు వెనకాల వైన్, కిర్ష్ అన్న మాటలు వెతకండి.

మందపాటి గిన్నె లోపల వెల్లుల్లి రెబ్బ రుద్దండి. మనిషికి 100 మిల్లీలీటర్ల వైట్ వైన్ పోయండి, వద్దనుకుంటే తీపి తక్కువున్న ఆపిల్ జ్యూస్‌లో కొన్ని నీళ్ళు, ఒక స్పూన్ నిమ్మరసం. వేడెక్కాక ఒక స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపిన చీజ్ గుప్పెడు గుప్పెడు వేస్తూ ఎనిమిది అంకె గీసినట్టు తిప్పండి. మరగనివ్వకండి. మిరియాలు, కొంచెం జాజికాయ. నిన్నటి బ్రెడ్ ముక్కలు గుచ్చి, గిన్నె అడుగు తగిలేలా తిప్పి తీసుకోవాలి, తిప్పడం ఆపితే అడుగంటుతుంది.

సరిగ్గా వచ్చిందా: ముక్క పైకి లేపితే పొరలా అంటుకుని నెమ్మదిగా జారాలి. నూనె ఒకవైపు, ముద్ద ఒకవైపు విడిపోతే పారేయకండి, ఒక స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ని నిమ్మరసంలో కలిపి పోసి సన్న మంట మీద గట్టిగా తిప్పితే మళ్ళీ కలుస్తుంది. బాగా పల్చగా ఉంటే ఇంకొంచెం చీజ్. చివర్లో అడుగున పట్టిన ఎర్రటి పొర గీకి అందరూ పంచుకుంటారు, దాన్ని మాడిందని సింక్‌లో వేయకండి, పందెం అక్కడే.

చల్లటి నీళ్ళు తాగితే చీజ్ కడుపులో గడ్డకడుతుందని అక్కడివాళ్ళు వేడి టీ తాగుతారు. నిజమో కాదో గానీ వేడి టీ హాయిగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టకండి, అరగడానికి టైము పడుతుంది.

9. వాన పడితే

గదిలో కూర్చోకండి. స్టెకెల్‌బెర్గ్ బస్సు దారిలో ట్రూమెల్‌బాఖ్ దగ్గర దిగండి, కొండ లోపల పది జలపాతాలు, ఐగర్, మోంష్, యుంగ్‌ఫ్రావ్ హిమానీనదాల నీళ్ళు సెకనుకి 20,000 లీటర్ల దాకా ఒకే చీలికలోంచి పడతాయి. లోపలికి లిఫ్ట్ ఉంది కానీ తడి మెట్లు కూడా ఉన్నాయి. జాకెట్ వేసుకోవాలి, నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, చలికాలంలో మూసేస్తారు. వాన పడ్డ రోజే దీని చప్పుడు వినాలి.

చివరగా, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకి

తీసుకెళ్ళొచ్చు. స్టేషన్‌కి దగ్గరగా, కింద వీధిలో గది తీసుకోండి, పై వీధి వద్దు, ఎక్కుడు ఉంది. వచ్చిన రోజు కొండమీదకి తీసుకెళ్ళకండి, 1,638 మీటర్ల దగ్గర ఒక రాత్రి పడుకున్నాక పైకి వెళ్తే ఆయాసం తగ్గుతుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి డాక్టర్‌ని అడిగాకే. గిమ్మెల్‌వాల్డ్ దిగుడు మోకాళ్ళకి మంచిది కాదు, దాని బదులు వింటరెగ్‌కి చిన్న రైల్లో వెళ్ళి, అక్కడ కూర్చుని, రైల్లోనే వెనక్కి రండి. వాళ్ళకి మూడు పూటలా చీజ్ పెట్టకండి, పొద్దున ముయెస్లీ పెరుగుతో, మధ్యాహ్నం మీ చారన్నం, సాయంత్రం రోష్టి చాలు. దిగిపోయే రోజు పెట్టెల్ని లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్ లాకర్‌లో పెట్టేస్తే పొద్దున వెలుతురులో స్టౌబ్‌బాఖ్ దగ్గరికి చేతులూపుకుంటూ నడిచి రావచ్చు, స్టేషన్ నుంచి పదిహేను నిమిషాలు, దారంతా దాదాపు సమంగానే ఉంటుంది.